మంచినీళ్ల కోళ్లు

మనుషుల్లో దయ తగ్గిపోతోందని బాధపడే పెద్దలందరికీ నాదొక మనవి. ఉపన్యాసాలు మానండి. కోళ్లను పెంచండి!

నవ్వకండి. నేను గుడ్ల కోసం చెప్పడం లేదు. గుడ్డు చాలా చిన్న విషయం. ప్రణాళికలు వేసే పెద్దమనుషులు కోడిని చూసినప్పుడల్లా వాళ్ల కంటికి గుడ్డే కనిపించింది. అందులో వాళ్ల తప్పు లేదు, లెక్కలోకి ఎక్కేది అదే. కాని వేళకు మేత వేసి, నీళ్లు మార్చి, ఏది మేసింది ఏది మేయలేదు అని కనిపెట్టి చూసే మనిషికి లోపల ఏం జరుగుతుంది? ఆ సంగతి ఏ ప్రణాళికలోనూ లేదు. సైకాలజీ పుస్తకాల్లోనూ లేదు. తిండి చూసిన కుక్క నోట్లో నీళ్లూరడం గురించి పేజీలకు పేజీలు రాశారు. కోడికి నీళ్లు పెట్టే మనిషి మనసు గురించి ఒక్క వాక్యం రాసినవాడు లేడు!

రుజువు కావాలా? పద్మనాభయ్యను చూడండి.

పద్మనాభయ్యది నెల్లూరికి తూర్పున, అలల చప్పుడు వినపడేటంత దూరంలో ఉన్న ఒక పాళెం. కొంచెం వరి పొలం, పెంకుటిల్లు, ఇంటి వెనక విశాలమైన దొడ్డి. ఇంట్లో తల్లి ఆదిశేషమ్మ, భార్య మస్తానమ్మ. పిల్లలిద్దరూ బుచ్చిరెడ్డిపాలెంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నారు.

మంచి మనిషి. తాగడు, కొట్టడు, పేకాట జోలికి పోడు. ఈ సంగతి ఆదిశేషమ్మ కోడలికి అప్పుడప్పుడూ గుర్తు చేస్తూ ఉంటుంది. మస్తానమ్మ ఒప్పుకుంటుంది. లేని గుణాలతోనే ఇంత మంచివాడైన మనిషిని ఆమె మరొకర్ని చూడలేదు.

అన్నం తినేటప్పుడు పద్మనాభయ్య కంచంలోకి చూస్తాడు. కంచంలో ఉన్నదాన్ని మాత్రం చూడడు. ఒకసారి మస్తానమ్మ మరిచిపోయి ఉప్పు లేని పులుసు పోసింది. తిన్నాడు. ఇంకోసారి కావాలనే ఉప్పు వెయ్యలేదు. తిన్నాడు! ఆ పూట ఆమె వంటింట్లో కూర్చుని, ఈయన ఎదురుగా తాను ఉన్నట్టా, లేనట్టా అని చాలాసేపు ఆలోచించింది.

ఆమెకు కావలసింది పెద్దదేం కాదు. పుట్టింట్లో ఒక మాట ఉండేది: "తిన్నావా అమ్మా?" వాళ్ల నాయన వీధిలోంచి వస్తూ అడిగేవాడు, మేనత్త ఆ గదిలోంచి అడిగేది. పెన్న కాలవ పక్క ఇల్లు. అక్కడ నీళ్లకూ కరువు లేదు, ఆ మాటకూ కరువు లేదు. ఆమె విసుక్కునేది కూడా. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఆ మాట ఎవరూ అడగలేదు. మనసులో ఏదో పెట్టుకుని కాదు, అవసరం కనిపించలేదు. వండేది ఆమే కదా, ఆమెను అడిగేదేమిటి?

ఆ ఒక్క మాట కోసం ఆమె లోపల ఒక చెవి ఎప్పుడూ తెరుచుకునే ఉండేది.

అట్లాంటి ఇంటికి సమాధానం వచ్చాడు.

సమాధానం మనిషి పేరే. బ్లాకు తరఫున పాళేలు తిరిగే గ్రామసేవక్. ఊళ్లో ఎవరూ ఏ ప్రశ్నా అడగకముందే సమాధానం వచ్చేసిందని అరుగుల మీద వేళాకోళం చేసేవారు. ఆయన సైకిలు వెనక కట్టిన గంపలో, నెల్లూరు దాకా రైల్లో వచ్చి బెదిరిపోయిన తెల్లటి సీమకోళ్లు. కాగితం మీద వాటి పేరు వైట్ లెగ్‌హార్న్. ఊరి నోట్లో అది ఒక్క పూటలో లగాను కోడి అయింది.

"నాటుకోడి అనుకోబాకన్నా," అన్నాడు సమాధానం, గంప దించుతూ. "దీనికి టైము తెలుసు. టైముకి దాణా పడకపోతే అలుగుద్ది. ఇంక నీళ్లు. గుడ్డంటే ఏందనుకున్నావు? ముక్కాలు వాసి నీళ్లే. నీళ్లు మంచియైతే గుడ్డు మంచిది."

ఇదే మాట ఒక మనిషి గురించి చెప్పి ఉంటే పద్మనాభయ్య చెవిన పెట్టేవాడు కాదు. కోడి గురించి చెప్పాడు కనుక గుండెలో పెట్టుకున్నాడు. కోడి మహిమ అక్కడే మొదలైంది!

అయితే ఆ పాళెంలో నీళ్లతో ఒక చిక్కుంది. ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్లే. పశువులు తాగుతాయి, అంట్లు తోముకోవచ్చు. తాగే నీళ్లు కావాలంటే ఇసకదిబ్బల అవతల చెలమ దగ్గరికి పోవాలి. ఇసక తోడి, ఊట ఊరేదాకా గట్టున కూర్చుని, ముంతతో కాస్త కాస్త బిందెలోకి ఎత్తుకోవాలి. పొద్దెక్కితే ఆ ఇసకలో పాదం మోపలేం. కోళ్లు రాకముందు మస్తానమ్మ తెల్లవారి చల్లపూట ఒకసారి పోయివచ్చేది. కోళ్లు వచ్చాక మధ్యాహ్నం పోవడం మొదలైంది, సాయంత్రం పోవడం మొదలైంది.

పొమ్మని పద్మనాభయ్య ఎన్నడూ అనలేదు. ఆయన ఆజ్ఞలు ఇచ్చే మనిషి కాదు. "కోళ్ల నీళ్లు వెచ్చబడినాయి" అని గాలిలోకి చెప్పేవాడు. ఆ గాలి ఎప్పుడూ మస్తానమ్మ వైపే వీచేది.

ఇంట్లో మంచినీళ్లకు ఒక వరస కూడా ఏర్పడింది. మొదట కోళ్లు. తరువాత ఆదిశేషమ్మ, ఎందుకంటే పెద్దావిడ. తరువాత పద్మనాభయ్య, ఎందుకంటే మొగవాడు. తరువాత వచ్చీపోయేవాళ్లు, ఎందుకంటే మర్యాద. తరువాత, బిందె అడుగున మిగిలితే, మస్తానమ్మ. మిగలకపోతే బావి ఉండనే ఉంది.

మోసేది ఆమే కదా, చెలమ దగ్గరే కడుపునిండా తాగి రావచ్చు కదా అంటారా? రావచ్చు! ఎవరూ అడ్డుపెట్టలేదు. కాని బిందె నిండుగా ఇల్లు చేరాలి, తరువాతే మిగతా సంగతి అనే ఆలోచన ఆడవాళ్ల తలలోకి ఎవరు ఎప్పుడు ఎక్కించారో తెలియదు. సబ్‌కాన్షస్, సబ్‌కాన్షస్ అంటారే, దానికి ఆ శాస్త్రం పుట్టిన వియన్నా దాకా పోనక్కర్లేదు. చెలమ గట్టు మీద కూర్చుని చూస్తే చాలు.

ఇక పద్మనాభయ్యలో వచ్చిన మార్పు చూడండి!

తెల్లవారకుండానే లేచి దొడ్లోకి వెళ్లి, "బా... బా... బా..." అని పిలిచేవాడు. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని ఇన్నేళ్లుగా పక్కన కాపరం చేస్తున్న మనిషికే తెలియదు. మొదటి రోజు విన్నప్పుడు మస్తానమ్మ దొడ్లోకి ఎవరో దూరపు బంధువులు వచ్చారనుకుని కొంగు సర్దుకుంది.

దాణా ఆయనే కలిపేవాడు. తవుడు, వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి, గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడి. వీటన్నిటి మీదా మొలగొలుకుల సన్నబియ్యం నూకలు. ఈ చివరిది చూసి ఆదిశేషమ్మ నోరు నొక్కుకుంది. మొలగొలుకుల నూకలు కోళ్లకా, మీ నాయన జరం వచ్చి లేచినప్పుడు తాగింది ఆ నూకల జావే అని గుర్తు చేసింది.

"అవి అడగలేవు గదమ్మా," అన్నాడు పద్మనాభయ్య. "నోరులేనియి. మనమే కనిపెట్టి చూసుకోవాల."

ఎంత మాట! నోరు ఉండి కూడా అడగనివాళ్ల గురించి ఆయన ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఒక్క రోజులో అన్నీ చెప్పాలంటే ఎట్లా?

కోళ్లు చప్పుడుకు బెదురుతాయని సమాధానం చెప్పిపోయాడు. వెంటనే రోకలి దొడ్డి దాటింది. మస్తానమ్మ దంపుడు పని ఇక మీదట ఎండలో, చింతచెట్టు నీడ కూడా అందని చోట. నీళ్ల మూకుడుకు ఎండ తగులుతోందని పద్మనాభయ్య తన గొడుగు తీసుకుపోయి దాని మీద కట్టి, తాను తలకు తువ్వాలు చుట్టుకుని నెల్లూరు పోయివచ్చాడు. బుచ్చిరెడ్డిపాలెంలో బావమరిది పెళ్లికి వెళ్లి, తలంబ్రాల వేళకు లేచి, కోళ్లకు నీళ్లు మార్చే పొద్దయిందని బస్సెక్కాడు. పెళ్లివాళ్లు నొచ్చుకున్నారు. వాళ్లకు కోళ్లు లేవు, పాపం, వాళ్లకేం తెలుస్తుంది!

సాయంత్రం గూట్లోకి పోయేముందు ఒక్కొక్క కోడినీ పట్టుకుని మెడకింది తిత్తి తడిమి చూసేవాడు. మేత నిండితే అది మెత్తటి సంచిలా తగులుతుంది. నిండకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అట్లా తడిమి చూస్తుండగా ఒక పెట్ట బక్కచిక్కినట్టు తెలిసింది. ఎప్పుడూ గూటి మూలన ఉండేది కనుక దాన్ని మూల పెట్ట అనేవాడు. రోగమా? కాదు. ముక్కు చూశాడు, కన్ను చూశాడు, రెక్క ఎత్తి చూశాడు. మర్నాడు పొలం పని మానుకుని, దొడ్లో బోర్లించిన గంప మీద కూర్చుని, మేత వేసింది మొదలు అయిపోయేదాకా దాన్నే కనిపెట్టుకుని ఉన్నాడు. కారణం దొరికింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఆయన నోరు విప్పాడు. కంచం ముందు ఆయన మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదలు.

"అమ్మా, మూల పెట్ట ఎందుకు చిక్కిపోయిందో తెలిసింది. మేత పడినప్పుడు ముందుకి రాదు. అన్నీ తినిందాకా పక్కన నిలబడతంది. అన్నీ తిన్నాక అడుగున మిగిలింది తింటంది. అట్టా తింటే ఒంట్లో సత్తవ యాడ నిలస్తుంది?"

చెప్తూ ఉంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన పక్కన గరిటె పట్టుకుని మస్తానమ్మ నిలబడి ఉంది. ఆయన తిని లేస్తే అత్తకు పెట్టాలి. అత్త తిని లేస్తే తాను కూర్చోవాలి. చేపల పులుసు కుండలో అడుగున ఎంత ఉందో ఆమెకు తెలుసు.

"ఇంకాస్త పొయ్యి," అన్నాడు పద్మనాభయ్య, మూల పెట్ట తలపులోంచి తేరుకోకుండానే.

పోసింది.

మర్నాడే ఆయన మూల పెట్టకు వేరే మూకుడు తెచ్చాడు. మిగతావి రాకుండా ఒక చేత్తో అడ్డుపెట్టి, ముందు దానికి పెట్టి, అది తినిందాకా పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఇంత న్యాయం ఏ కోర్టులో జరుగుతుంది?

ఇంతలో రోహిణి ఎండలు వచ్చాయి.

ఒక మధ్యాహ్నం మస్తానమ్మ చెలమ నుంచి వచ్చి, బిందె వెనక వసారాలో దించి, కళ్లు తిరిగినట్టయి గోడకు ఆనుకుంది. లోపలి నుంచి మాటలు వినిపించాయి.

"తినిందా?" అంటున్నాడు పద్మనాభయ్య.

"ఏమో నాయనా, నేను చూళ్లా," అంది ఆదిశేషమ్మ.

"పొద్దున్నించీ మొగం వాడిపోయుంది. నీళ్లన్నా తాగిందా? నిన్నట్నించీ ఒక మూల కూర్చోనుంటంది. దాన్నెవురన్నా ఏమన్నా అన్నారా?"

"నేనెందుకంటాను దాన్ని."

"ఎండకి తట్టుకోలేకుండా ఉందిమా. పాపం, చెప్పుకోనూ లేదు."

ఇక్కడ కాసేపు ఆగి మన భాష గొప్పతనం చెప్పుకోవాలి. మగవాడు తింటే తిన్నాడు. ఆయనకు సొంతంగా ఒక ‘డు’ ఉంది. భార్య తింటే తినింది. కోడి తింటే తినింది. గేదె తింటే తినింది. ఇంగ్లీషువాడు నోరు తెరిచిన ప్రతిసారీ తాను మాట్లాడేది భార్య గురించా, కోడి గురించా అని ముందే తేల్చుకుని, దాన్ని బట్టి మాట ఎంచుకోవాలి. ఎంత శ్రమ! మన పూర్వులు మనకా బాధ లేకుండా చేశారు. ‘ఆమె’ అనే మాట ఉంది కదా అంటారా? ఉంది, సభల్లో ఉంది, పత్రికల్లో ఉంది. ఇంట్లో పెళ్లాన్ని ‘ఆమె’ అనే మొగుణ్ణి ఆ పాళెంలో ఒకణ్ణి చూపించండి, నేనీ వ్యాసం చించేస్తాను!

మస్తానమ్మ గోడకు ఆనుకునే ఉంది. కళ్లు తిరగడం ఆగిపోయింది.

మొగం వాడిపోయింది నిజమే. నిన్నటి నుంచి వీలు దొరికినప్పుడల్లా మూలన కూర్చుంటున్నదీ నిజమే. అయితే చూశాడన్నమాట! నోరు తెరిచి అడగడం చేతగాక తల్లిని అడుగుతున్నాడన్నమాట.

మనసుకు ఒక ఆధారం దొరికితే ఊరుకుంటుందా? గడిచిన నెలలన్నిటినీ తిరగేసింది. అన్నీ తినిందాకా పక్కన నిలబడతంది అన్నాడే ఆ రోజు, అది ఎవరి గురించి? కళ్లల్లో నీళ్లు తిరిగింది ఎవరిని తలుచుకుని? కోడి కోసం మొగవాడు ఏడుస్తాడా ఎక్కడైనా! గరిటె పట్టుకుని పక్కనే నిలబడి ఉండి కూడా తాను తెలుసుకోలేకపోయింది. ఆయన ఇన్నాళ్లూ చెప్తూనే ఉన్నాడు. కోడిని అడ్డం పెట్టుకుని చెప్తున్నాడు. చివరికి "కోళ్ల నీళ్లు వెచ్చబడినాయి" అనే మాట కూడా ఆమెకు ఇప్పుడు ఇంకోలా వినిపించింది: ఆ నీళ్లు తాగబాక, చల్లటివి తెచ్చుకుని తాగు అని!

ఇది అతిగా ఉందని మీకు అనిపించవచ్చు. ఏళ్ల తరబడి ఒక్క మాట కోసం చెవి తెరుచుకుని కూర్చుని చూడండి, అప్పుడు చెప్పండి.

ఆ తరువాత కొన్నాళ్లు ఆ ఇల్లు చూడాలి! మస్తానమ్మ కనకాంబరాలు పెట్టుకుంది. ఆయన గాలిలోకి చెప్పకముందే కోళ్ల నీళ్లు మార్చింది. మూకుళ్లకు పట్టిన పాచి ఇసకతో తోమి తళతళలాడించింది. మూల పెట్టను చూస్తే ఆమెకు చిన్న సిగ్గు కూడా వేసేది, ఇద్దరి మధ్యా కబురు మోసే మనిషిని చూసినట్టు. ఎండన పడి చెలమకు పోతుంటే కాళ్లు కాలడం లేదు. గుడ్లు కూడా ఎక్కువ పడ్డాయి. ఆ ఘనత సమాధానం ఆల్చిప్పల పొడికి ఇచ్చాడు.

రోజూ ఒక పూటన్నా గోడ అవతల నుంచి ఆ మాట వినిపించేది. "తినిందా?" ఆదిశేషమ్మ "ఏమో" అనేది, లేకపోతే "తినిందిలే" అనేది. వంటింట్లో మస్తానమ్మ చేస్తున్న పని ఆపి, ఆ మాట పూర్తయ్యేదాకా విని, మళ్లీ మొదలుపెట్టేది.

ఒకనాడు పద్మనాభయ్య పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. తల్లి గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. "తినిందా?" అన్నాడు. ఆదిశేషమ్మకు వినపడలేదో, పనిలో ఉందో, పలకలేదు. మళ్లీ అడిగాడు.

మస్తానమ్మకు అనిపించింది: ఎన్నాళ్లని ఆ మనిషి గోడలనూ తల్లినీ అడుగుతాడు? తాను మాత్రం ఎన్నాళ్లని దాక్కుంటుంది? చెయ్యి తుడుచుకుని గుమ్మం దాకా వచ్చింది. తలుపు రెక్క పట్టుకుని, ఆయన ముఖంలోకి చూడలేక అరుగు స్తంభం వైపు చూస్తూ చెప్పింది.

"తిన్నాను."

పద్మనాభయ్య తలెత్తాడు.

"నిన్నెవురడిగినారు మే? నేను మూల పెట్ట సంగతి అడగతన్నా."

కసురుకోలేదు, వెక్కిరించలేదు. మనిషి నిజంగానే ఆశ్చర్యపోయాడు. కసురుకుని ఉంటే బాగుండేది. కోపానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. ఆశ్చర్యానికి అక్కర్లేదు.

ఆదిశేషమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చింతపండు చాట పక్కకు పెట్టి నవ్వింది. "కోడినడిగితే కోడలు పలికిందే!" అంది. ఆ మాట ఆ సాయంత్రానికే వీధి దాటింది. మర్నాడు చెలమ దగ్గర, ఊట ఊరేదాకా పొద్దుపోక కూర్చునే ఆడవాళ్లందరి నోటా అదే. మస్తానమ్మ వస్తుంటే ఒకరు "తినిందా?" అనేవారు, ఇంకొకరు "తిన్నాను" అనేవారు. మస్తానమ్మ కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఆ మాట ఇన్నేళ్లకు ఇంతమంది అడుగుతున్నారు!

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆయన కోడిని అడిగాడు, కోడి మీద ప్రేమతో అడిగాడు. భాష ఉన్నట్టే ఉంది. ఆమె చెవి ఒక్కటే తొందరపడింది.

కొద్దిరోజులకు సమాధానం పక్క పాళెం రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చుట్టుపక్కల ఎక్కడా పద్మనాభయ్య కోళ్లంత నిగనిగలాడే కోళ్లు లేవు. చూసి నేర్చుకోమని తీసుకొచ్చాడు. దొడ్డి నిండా జనం. గూటి ముందు నిలబడి సమాధానం ఉపన్యాసం ఇచ్చాడు. వేళకు మేత పడాలి. నీళ్లు చల్లగా, తియ్యగా ఉండాలి. వెనకబడినదాన్ని కనిపెట్టి, ముందు దానికి పెట్టాలి. ముఖం చూస్తేనే దాని బాధ తెలిసిపోవాలి. ప్రతి మాటకూ పద్మనాభయ్య తల ఊపాడు. సభ అయ్యాక ఎవరికైనా అనుమానాలుంటే అడగమన్నాడు సమాధానం.

వచ్చినవాళ్ల దాహానికి మంచినీళ్లు తెచ్చిన మస్తానమ్మ, బిందె ఇంకా చంకనే ఉంచుకుని, అడిగింది.

"అయ్యా, ఆడమనుషుల్ని పెంచే పద్ధతి కూడా మీ బ్లాకులో చెప్తారా?"

దొడ్డి దద్దరిల్లింది. కోడలు కోళ్లలో కలిసిపోయిందయ్యా అని ఆదిశేషమ్మ వాళ్లకు పాత కథ మొదలుపెట్టింది. అందరికంటే ఎక్కువగా పద్మనాభయ్య నవ్వాడు. భార్య ఇంత చమత్కారంగా మాట్లాడగలదని ఆయనకు అంతవరకు తెలియదు.

నవ్వనిది సమాధానం ఒక్కడే. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లేదక్కా," అన్నాడు. "ఆ స్కీము ఇంకా రాలేదు."

వచ్చినవాళ్లు నీళ్లు తాగి, కోళ్లను మెచ్చుకుని వెళ్లిపోయారు. బిందె ఖాళీ అయింది.

మర్నాడు మస్తానమ్మ చెలమ దగ్గర మొదటి ముంత బిందెలో పోయలేదు. తాగింది. రెండో ముంత కూడా తాగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాటలు ఆపి చూశారు. ఆమె మూతి తుడుచుకుని, తీరుబడిగా బిందె నింపుకుని ఇంటికి వచ్చి వంట చేసింది. కోళ్లకు మేత పడే వేళకు తనకు కంచం పెట్టుకుంది. అన్నం కుప్పగా పెట్టుకుని, పులుసులో నడిముక్కలు ఏరి వేసుకుని కూర్చుంది. మొగుడు తినలేదు, అత్త తినలేదు. మొదటి ముద్ద గొంతు దిగడానికి చాలా కష్టపడింది. రెండోది అంత కష్టపడలేదు.

ఇది ధర్మమా అని అడిగేవాళ్లుంటారు. గూటి ముందు ఉపన్యాసంలో చెప్పిందే కదా!

దొడ్లోంచి వచ్చిన పద్మనాభయ్య వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

ఆయన మనసులో ఏం జరగాలి? కోపం రావాలి. ఆ ఊళ్లో ఏ మొగుడికైనా వస్తుంది. కాని ఆయన ఇప్పుడు ఉత్త మొగుడు కాదు, కోళ్లు పెంచిన మొగుడు! మేత మీద కుదురుకున్న కోడి దగ్గరికి అడుగు వెయ్యకూడదు. వేస్తే బెదిరి లేస్తుంది, ఆ పూటకు మళ్లీ మూకుడు ముఖం చూడదు. ఈ సంగతి ఆయన బుద్ధికంటే ముందు కాళ్లకు తెలుసు. కాళ్లు చప్పుడు లేకుండా వెనక్కి జరిగాయి. తలుపు పక్కన నిలబడి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, చూస్తూ ఉన్నాడు.

వెనక నుంచి వచ్చిన ఆదిశేషమ్మ ఆ దృశ్యం చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఏదో అనబోయింది.

"తినేటప్పుడు కదిలించబాకమా," అన్నాడు పద్మనాభయ్య గుసగుసగా.

మస్తానమ్మకు అది వినపడింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ అన్నం పెట్టుకుంది. పులుసు పోసుకుంది. ఎవరో తన ముద్దల వంక ఇంత శ్రద్ధగా చూడటం ఆమెకు పుట్టింటి తరువాత ఇదే. ఆ చూపు ఎలాంటిదో ఆమెకు తెలియకపోలేదు. అది సాయంత్రం గూటి దగ్గర తిత్తి తడిమే మనిషి చూపు. మనిషిని మనిషిలా చూసినట్టు కాదు. అయినా చూపే కదా! ఏమీ లేని చోట అదీ ఒక అభివృద్ధే. ప్రణాళిక ఫలించిందని నేను ఊరికే అంటున్నానా?

ఆమె కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కోబోతుంటే ఆయన ఒక అడుగు లోపలికి వేశాడు. పొద్దున్నే దొడ్లో పిలిచే ఆ మెత్తటి గొంతుతో అడిగాడు.

"కడుపు నిండిందా?"

ఎవరి కడుపో ఆ వాక్యంలో లేదు. మన భాషలో చెప్పనక్కర్లేదు.

మస్తానమ్మ ఒకసారి దెబ్బతిన్న మనిషి. చెంబు చేత్తో పట్టుకునే, మెల్లగా వెనక్కి తిరిగి చూసింది, ఏ కోడైనా లోపలికి వచ్చిందేమోనని.

అయ్యా, అందుకే నా మాట వినండి. నిశ్చింతగా కోళ్లను పెంచండి! తన వంటింట్లో, తన కంచం ముందు కూర్చున్న మనిషి ఆ మాట తననే అడిగారా అని వెనక్కి తిరిగి చూసుకునే ఇళ్లు ఉన్నంతకాలం, ఈ దేశంలో కోళ్లకు ఏ లోటూ రాదు.